ఆల్బమ్‌లో ఏడ్చింది ఎవరు?

మా ఆయన చేసిన మొదటి ఆల్బమ్‌ను అందరికన్నా ముందు విన్నది మా అత్తమ్మ. ఆమె వంటింట్లో చిక్కుడుకాయలు గిల్లుతుంటే ఆయన ఫోన్ తెచ్చి చెవి పక్కన పెట్టాడు. ఆమె కాసేపు విని, తలెత్తి ఫ్యాన్ వైపు చూసింది.

"గా ఫ్యానుకు జర నూనె పొయ్యిరా. ఎట్ల మూలుగుతున్నదో సూడు."

అది ఫ్యాను కాదని, తన కొడుకు ఏళ్ళ తరబడి పడ్డ కష్టమని ఆయన చెప్పాడు. ఆమె పాపం ఇంకొంచెం విన్నది.

"మరి పాట ఎప్పుడు మొదలైతది?"

"సగం అయిపోయింది అవ్వా."

"అట్లనా," అని ఆమె మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకొని, నేను ఎక్కడ నవ్వుతున్నానో అని నా వైపు చూశాడు. నవ్వాను మరి. నవ్వు దాచుకునే ఇంట్లో నేను పుట్టలేదు.

ఆ సంగీతం పేరు ట్రిప్-హాప్ అట. నాకు అర్థమైనంతలో చెప్తాను. దరువు ఉంటుంది గాని దానికి ఎవరూ ఎగరకూడదు. కింద బేస్ బరువుగా మోగుతుంటుంది. పైన ఎక్కడెక్కడి పాత రికార్డుల నుంచో తెంపిన ముక్కలు తిరిగి తిరిగి వస్తుంటాయి. అలా తెంపిన ముక్కను శాంపిల్ అంటారు. అంతా నెమ్మదిగా, మబ్బు పట్టి వాన పడని సాయంత్రంలా ఉండాలట. "ఇంతకు వినేటోనికి ఏం దొరుకుతది?" అని అడిగాను. "మూడ్," అన్నాడు. మూడే కావాలంటే ఆల్బమ్ దాకా ఎందుకు, గ్యాస్ అయిపోయిన రోజు నా మొహం చూస్తే చాలదా.

ఆయన కరీంనగర్‌లో ఒక పెళ్ళి వీడియోల స్టూడియోలో పని చేస్తాడు. కెమెరా పట్టడు. పట్టినవాళ్ళు తెచ్చినదాన్ని కోసి అతికిస్తాడు. పెళ్ళి వీడియోలు చూసేవాళ్ళు గమనించరు గాని, అందులో అన్నీ ఉంటాయి, పెళ్ళి చప్పుడు ఒక్కటే ఉండదు. అసలు శబ్దమంతా తీసేసి సినిమా పాటలు పరుస్తారు. పంతులు నోరు కదులుతుంటే యుగళగీతం వినిపిస్తుంది. మేనమామ మాంసం ముక్కలు తక్కువ పడ్డాయని వేలు చూపించి తిడుతుంటే వీణ మోగుతుంది. అట్లా తీసేసిన చప్పుళ్ళను ఆయన పారేయలేదు. మైకు వాళ్ళ మిషన్‌లో రికార్డయినవి కూడా బతిమాలి తెచ్చుకునేవాడు. గంటెల మోతలు, "హలో, హలో, మైక్ టెస్టింగ్"లు, ఇచ్చోడలో పెళ్ళి పందిరి పక్క నుంచి పోయిన లారీల హారన్లు, మెట్‌పల్లిలో ఎవరో ముసలమ్మ తన చెప్పులు ఎత్తుకుపోయినవాళ్ళకు పెట్టిన శాపనార్థాలు, అప్పగింతల ఏడుపులు. ఏది ఏ పెళ్ళిదో రాసుకునే అలవాటు లేదు. అన్నీ ఒకే కుప్ప. ఆ కుప్పలోంచి ఏరి, సాగదీసి, దరువు కింద పరిచి ఆల్బమ్ చేశాడు. 'మిగిలిన సప్పుడు' అని పేరు పెట్టాడు.

అందులో నాలుగో పాట ఆయనకు ప్రాణం. మాటల్లేవు. ఎవరిదో ఒక ఏడుపు. గుండెలు బాదుకొని ఏడ్చిన ఏడుపు కాదు, ఆపుకోబోతే ఆగక గొంతు దాటి వచ్చిన ముక్క. దాని వెనక బుస్సుమని ఒకే తీరుగా ఏదో చప్పుడు. ఆ ముక్కే పాటంతా వస్తూ పోతూ ఉంటుంది. గొంతు మరీ బండగా ఉందని ఆయన దాన్ని కంప్యూటర్‌లో కొంచెం పైకి లేపి సన్నం చేశాడు.

నాకు ఆ పాట వింటే ఒళ్ళు మండేది. దానికి సంగీతం కారణం కాదు, మా బాపు కారణం. అది తెలియాలంటే నా పెళ్ళి సంగతి చెప్పాలి.

మాది బెల్లంపల్లి. బాపు బొగ్గుబాయిలో పని చేసి రిటైరయ్యాడు. మా వాడలో పెళ్ళికైనా చావుకైనా బొగ్గు పొయ్యిల మీదే వంట. నా పెళ్ళికి మాత్రం బాపు పట్టు పట్టి మొత్తం గ్యాసు మీద చేయించాడు. "బతుకంత బొగ్గు మింగిన. నా బిడ్డ పెండ్లిల ఒక్కల కండ్లకు గూడ పొగ తాకొద్దు," అన్నాడు. పెద్ద పెద్ద పొయ్యిలు, వరసగా సిలిండర్లు. వచ్చినవాళ్ళందరినీ వెంటబెట్టుకొని పోయి చూపించాడు. పెళ్ళికొడుకు వాళ్ళు బండి దిగితే ముందు మండపానికి కాకుండా పొయ్యిల దగ్గరికి తీసుకుపోయాడని మా అత్తగారి వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధమని నేనూ అనలేను.

ఇక అప్పగింతలు. మా దిక్కు అప్పగింతలంటే పిల్లను పంపడం సగమే. ఎవరు ఏడ్చారు, ఎవరు ఏడవలేదు, ఎవరు ఏడ్చినట్టు కొంగు అడ్డం పెట్టుకున్నారు అని చూడటం మిగతా సగం. కట్నం తక్కువైన సంగతి మరిచిపోతారు గాని కన్నీళ్ళు తక్కువైన సంగతి మరవరు. నా అప్పగింతల్లో నన్ను కన్న అవ్వ ఏడ్చింది. చిన్నమ్మ ఏడ్చింది. కెమెరా అతను "చిన్నమ్మా, ఇంకోపారి పట్టుకొని ఏడువు, ఫోకస్ రాలే," అంటే మళ్ళీ ఏడ్చింది, నిజం చెప్పాలంటే రెండోసారే బాగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తెల్లవారుజాము నుంచి ఉపవాసం, తాళి కట్టాక ఫొటోలు, నోట్లో మెతుకు పడలేదు. నా ఏడుపులో సగం ఆకలిదే.

బాపు లేడు. కారు దగ్గర లేడు, మండపంలో లేడు. అందరూ వెదికారు. ఆయన కార్డ్‌లెస్ మైకు పట్టుకొని వంటల దగ్గర ఉన్నాడు. పొద్దటి నుంచి భోజనాలకు పిలిచే పని తనే పెట్టుకున్నాడు. నేను కారులో కాలు పెడుతున్నాను, బ్యాండు అప్పుడే ఆగింది, స్పీకర్లో ఆయన గొంతు వినిపించింది.

"ఇంకా తిననోళ్ళు ఉంటే రాండ్రి. బువ్వ వేడిగున్నది."

జనం ఘొల్లుమన్నారు. ఏడుస్తున్న చిన్నమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుల మధ్య నేను అత్తగారింటికి బయల్దేరాను.

ఆ తర్వాత ఆ మాట నన్ను వదల్లేదు. మా వదినను, అంటే మా ఆయన అక్కను, మెట్‌పల్లి ఇచ్చారు, పసుపు పండించే ఇల్లు. ఆమె వచ్చినప్పుడల్లా మా పెళ్ళి వీడియో పెట్టిస్తుంది. అప్పగింతలు రాగానే "మీ బాపు యాడున్నడే పిల్లా?" అని అడుగుతుంది, తెలియనట్టు. "పొయ్యిలను సాగనంపుతుండెనా?" అంటుంది. "గ్యాసు పెండ్లి గద, ఎవల కండ్లల్ల నీళ్ళు రావద్దు," అంటుంది. నా నోరు చిన్నది కాదు. నన్ను ఒకటంటే నాలుగు అని పంపుతాను. దీనికి మాత్రం జవాబు దొరికేది కాదు. ఎందుకంటే నాకూ అదే అనుమానం. నేను ఇల్లు విడిచి పోతుంటే ఆయనకు ఏమీ అనిపించలేదా? బెల్లంపల్లి పోయిన ప్రతిసారీ అడగాలనుకునేదాన్ని. ఆయన బస్టాండుకు వచ్చి సంచి అందుకునేవాడు, నేను ఎండల గురించి మాట్లాడేదాన్ని. అడిగితే నిజం చెప్తాడేమోనని భయం. బిడ్డ పోతుంటే ఒక చుక్క రాల్చని తండ్రి నా తండ్రి అని లోపల కోపం, సిగ్గు, రెండూ ఉండేవి. అట్లాంటి నా ముందు, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఏడుపును మా ఆయన ముద్దుగా తిప్పి తిప్పి వినిపిస్తుంటే మండదా మరి.

సరే, ఆల్బమ్ నెట్‌లో పెట్టాడు. లింకు తెచ్చి చుట్టాల గ్రూపులో పడేశాడు. పాట పూర్తయ్యేంత సేపు కూడా కాలేదు, "సూపర్ బావా", "కుమ్మేసినవ్ తమ్మీ" అని వచ్చి పడ్డాయి. ఒకాయన మాత్రం కవరు మీద నల్ల మబ్బుల బొమ్మ చూసి "ఓం శాంతి" అని పెట్టాడు. ఆయన పెట్టాడు కదా అని ఇంకొందరు పెట్టారు. పెద్దవాళ్ళు పెట్టాక మనం పెట్టకపోతే బాగుండదని మిగతావాళ్ళు పెట్టారు. మా అత్తమ్మకు ఫోన్లు మొదలయ్యాయి. "ఎప్పుడు పోయిండు? బిమారా?" అని. "ఎవ్వలు పోలే, మావోడు పాటలు చేసిండు," అని ఆమె చెప్పి చెప్పి నోరు నొచ్చి, చివరికి ఫోన్ నా చేతికిచ్చి పడుకుంది. ఒకావిడ అప్పటికే బస్సెక్కిందట, బాధపడింది.

ఇచ్చోడలో మా ఆయన దోస్తు డీజే బాక్సులు నడుపుతాడు. మంచివాడు. దోస్తు పాట కదా అని ఒక బరాత్‌లో పెట్టాడు. ఆ వీడియో మాకు పంపాడు. గుర్రం మీద పెళ్ళికొడుకు, ముందు పోరగాళ్ళు. పాట మొదలైంది. ఇప్పుడు దరువు పడుతుంది, ఇదిగో పడుతుంది అని అందరూ చేతులు పైకెత్తి నిలబడ్డారు. పడదు. మళ్ళీ మూలుగు. మళ్ళీ చేతులు పైకి. బరాత్ అడుగు ముందుకు పడలేదు, వెనక హైవే మీద లారీలు ఆగిపోయాయి, వాళ్ళ హారన్లు మోగాయి. మా ఆయన ఆ వీడియో చూసి బాధపడతాడనుకున్నాను. "హారన్లు మస్తు కుదిరినయి," అన్నాడు. పిచ్చి ముదిరింది అంటే ఇదే.

హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి నెట్‌లో సమీక్ష కూడా రాశాడు. రాసే ముందు ఫోన్ చేసి, మీది ఏ ఊరు, మీ ఆవిడది ఏ ఊరు అని అడిగాడు. బెల్లంపల్లి అని వినగానే ఆయనకు దారి దొరికింది. నాలుగో పాటలో బుస్సుమనేది మూతపడ్డ గని విడుస్తున్న ఊపిరి అని, ఆ ఏడుపు నేలతల్లి వలపోత అని, ఇది వినడానికి చెవులు కాదు చరిత్ర కావాలని రాశాడు. అంతకు ముందు మా ఆయన ఆ బుస్సును వాన అనుకున్నాడు. సమీక్ష వచ్చిన పూట నుంచి అడిగినవాళ్ళకల్లా "గని ఊపిరి" అని చెప్పడం మొదలుపెట్టాడు.

"నువ్వు బాయిల ఎన్నడన్న దిగినవా?" అని అడిగాను.

"దిగుడు ముఖ్యం కాదు," అన్నాడు.

మా బాపు జీవితమంతా దిగాడు, అది ముఖ్యం కాదని ఆయనకు తెలియక పాయె.

ఇంత జరుగుతున్నా మా ఆయనకు ఒకటే భయం. అడగకుండా జనం గొంతులు వాడుకున్నాడు కదా, ఎవరన్నా గుర్తుపట్టి ఇంటి మీదికి వస్తారేమోనని. రానే వచ్చింది, సొంత అక్క. మెట్‌పల్లి నుంచి మొదటి బస్సు పట్టుకొని, చెప్పులు విడవకముందే అడిగింది.

"ఏమ్రా తమ్మీ, నా ఏడుపు నీ పాటల పెట్టినవట."

ఆయన తడబడ్డాడు. "అక్కా, నీదే అని నాకు తెల్వదు. తప్పయింది, తీసేస్త..."

"తీసుడెందుకు? పెడితె పెట్టినవ్. కింద నా పేరెందుకు ఎయ్యలే?"

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆమె తోటికోడలి బిడ్డ పెళ్ళిలో వదిన ఏడవలేదని ఆ తోటికోడలు మెట్‌పల్లి అంతా చెప్పింది. సొంత బిడ్డలా పెంచిన అంటది, ఒక చుక్క రాల్చలే అని. ఇప్పుడు వదినకు సాక్ష్యం దొరికింది. నాలుగో పాట పెట్టి, ఫోన్‌ను చప్పుడు పెరగాలని స్టీలు గిన్నెలో ఉంచి, చుట్టుపక్కల ఎనిమిది ఇళ్ళ వాళ్ళకు వినిపించింది. అది విని తోటికోడలు ఊరుకుంటుందా? "గది నా ఏడుపు. పిల్లను గన్నదాన్ని నేను," అంది. అక్కడ లొల్లి మొదలైంది. ఇంకెవరో ఫోన్ చేసి, మీ అక్క ఏడుపు పెట్టి మా అవ్వది పెట్టలేదు, మేమేం పాపం చేసినం అని అలిగారు. వెనక బుస్సుమనేది మా ఇంటి కూలరే అని వదిన వాదన.

చెవిటివాని ముందు శంఖం ఊదితే కొరుకుతున్నావేంది అన్నాడట. మా ఆయన ఊదిన శంఖాన్ని ఊరంతా చెరకు గడ అనుకొని, ఇది మా చేనుదే అని కొట్లాడుకున్నారు. ఆ పాటలో ఒక దరువు ఉందని, దాన్ని ఒక మనిషి కూర్చొని చెక్కాడని ఒక్కరూ అనలేదు. ఒక్కరూ చివరిదాకా వినలేదు. నేనూ వినలేదు, ఆ మాట దాచడం ఎందుకు. ఆయన ఆ దినాల్లో భోజనం దగ్గర తల వంచుకొని కూర్చునేవాడు. నాకు మొదటిసారి ఆయన మీద జాలి వేసింది, పైకి మాత్రం పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగాను.

వదిన కదల్లేదు. పేరు పడేదాకా పోనని కూర్చుంది. అట్లా ఆమె మా ఇంట్లో ఉండగానే బాపు వచ్చాడు. ఒక కంట్లోంచి ఊకె నీళ్ళు కారుతున్నాయని, కరీంనగర్‌లో చూపించుకుందామని వచ్చాడు. సంచి నిండా సీతాఫలాలు తెచ్చాడు. బాయిలో పేలుళ్ళకు ఆయనకు ఒక చెవి దాదాపు పోయింది, రెండోది మనం గట్టిగా మాట్లాడితే పలుకుతుంది. ఆల్బమ్ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం అనుకున్నాను.

ముందు గదిలో అందరం సీతాఫలాలు తింటున్నాం. వదిన గిన్నెలో ఫోన్ పెట్టి మళ్ళీ ఆ పాట మొదలుపెట్టింది.

"మామా, నువ్వు పెద్దమనిషివి. నువ్వే తీర్పు చెప్పు. గీ ఏడుపు నాది అవునా కాదా?" అని అడిగి, నా వైపు ఓరగా చూసి అంది, "ఏడుపు సంగతి మామకేం ఎరుకలే గని."

నా చేతిలో గింజలు ఆమె మొహాన కొడదామన్నంత కోపం వచ్చింది. బాపుకు ఆ చివరి మాట వినపడలేదు, లేదా వినపడనట్టు ఉన్నాడు. ఫోన్ చప్పుడు ఆయనకు అందలేదు. మా ఆయన లోపలికి పోయి తన పెద్ద హెడ్‌ఫోన్లు తెచ్చి, మంచి చెవికి సరిగ్గా ఆనేలా పెట్టాడు. బాపు ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకొని, ఎక్స్‌రే తీయించుకునేవాడిలా కూర్చున్నాడు.

పాట మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. అయిపోయాక కళ్ళు తెరిచాడు.

"మల్ల పెట్టు అల్లుడా."

మా ఆయన మొహం చూడాలి అప్పుడు. ఆల్బమ్ బయటికి వచ్చినప్పటి నుంచి ఆయన ఎదురు చూసింది ఆ ఒక్క మాట కోసమే. మళ్ళీ పెట్టాడు. బాపు మళ్ళీ మొత్తం విన్నాడు. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎనక బుస్సుమంటున్నది ఏంది?"

"వాన అనుకున్న మామా. గని ఊపిరి అని గూడ అంటున్నరు," అన్నాడు మా ఆయన, రెండో మాట కొంచెం మెల్లగా.

"బాయి గిట్ల ఊపిరి తియ్యదు. గది గ్యాసు పొయ్యి." హెడ్‌ఫోన్ల వైపు వేలు చూపించి, "సగంల తెంపినవ్. ఎనకది ఏది? మొత్తం పెట్టు," అన్నాడు.

మా ఆయన లాప్‌టాప్ తెచ్చాడు. ఆ ముక్క ఏ ఫైలులోంచి తెంపాడో వెదికి, ఈసారి అందరికీ వినిపించేలా స్పీకర్లో పెట్టాడు. ఏడుపు కోసం వెదికినప్పుడు ఆయన అది దొరకగానే కత్తెర వేశాడు. ముందూ వెనకా ఏముందో వినలేదు. వినకుండా లైకు కొట్టిన చుట్టాలను ఆయన తిట్టుకున్నాడు గాని, ఆ పని మొదలుపెట్టింది ఆయనే.

గ్యాసు బుస్సుమంది. పళ్ళెం కింద పడ్డ చప్పుడు. దూరంగా బ్యాండు. తర్వాత ఏడుపు. ఇది సన్నం చేయని గొంతు, పైకి లేపని గొంతు. మగ గొంతు. ఒకసారి ఆపుకున్నాడు. మళ్ళీ వచ్చింది. ఈసారి ఆపుకోలేకపోయాడు. చాలాసేపు ఏడ్చాడు. వదిన చేతిలో సీతాఫలం చేతిలోనే ఉండిపోయింది. ముక్కు చీదిన చప్పుడు. గొంతు సవరించుకున్నాడు, సరిగ్గా రాలేదు, మళ్ళీ సవరించుకున్నాడు. బ్యాండు ఆగింది. అప్పుడు మైకులో మాట వచ్చింది.

"ఇంకా తిననోళ్ళు ఉంటే రాండ్రి. బువ్వ వేడిగున్నది."

మా ఆయన ఫైలు ఆపాడు. బ్యాండు మోగినంతసేపు మైకతను స్పీకర్లు బంద్ పెట్టి ఉంటాడని, మిషన్ మాత్రం రికార్డు చేస్తూనే ఉందని, ఇది మన పెళ్ళిదని తనకు తెలియదని నాకు చెప్తున్నాడు. నేను వింటున్నాను గాని అర్థం కావడం లేదు. నేను బాపును చూస్తున్నాను. ఆయన హెడ్‌ఫోన్ల తీగను చేతికి చుట్టుకుంటున్నాడు.

"పొగ," అన్నాడు. "పొయ్యి కాడ పొగ మస్తుండె గా రోజు. కండ్లల్ల గొట్టింది."

గ్యాసు పొయ్యికి పొగ ఎక్కడిది. పొగ లేని పెళ్ళి చేశానని వాడంతా చెప్పుకున్న మనిషి. నేను వదిన నోటి వైపు చూశాను. ఇప్పుడు అంటుంది, ఇంకో పదేళ్ళకు సరిపడా దొరికింది ఆమెకు. ఆమె సీతాఫలం పక్కన పెట్టింది, చేయి కొంగుకు తుడుచుకుంది, లేచి నీళ్ళ చెంబు తెచ్చి బాపు ముందు పట్టుకుంది.

"ఔ మామా, పొగ మస్తుండె," అంది. "నా కండ్లు గూడ మండినయి."

ఆ క్షణం దాకా నాకు వదిన మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. బాపు నీళ్ళు తాగాడు. నేను ఊరుకోవలసింది. కాని ఇన్నేళ్ళు నోట్లో పెట్టుకున్న మాట, అప్పుడు కూడా అడగకపోతే ఇక అడగలేనని తెలుసు.

"ఏడ్సినవ్ సరే బాపు. కారు కాడికి ఎందుకు రాలే? బిడ్డ పోతుంటే ఎవలు తిన్నరో ఎవలు తినలేదో నీకెందుకు? ఊరంత తిన్నంక మైకుల ఎవల్ని పిలుస్తున్నవ్?"

నా గొంతు పెద్దగానే వచ్చింది. ఆయనకు బాగా వినిపించింది. ఇంత చిన్న సంగతి నాకు తెలియదా అన్నట్టు నా మొహంలోకి చూశాడు.

"నువ్వు తినలే గదనే," అన్నాడు. "పొద్దటిసంది సూస్తనే ఉన్న. ఒక్క మెతుకు ముట్టలే. విస్తరి గూడ ఏయించి పెట్టిన, అన్నం మూత తీస్తే చల్లగైతదని నేనే గాడ నిలవడ్డ. పెండ్లిపిల్లను పేరు పెట్టి మైకుల బువ్వకు పిలుస్తే నగుతరు గద. అందర్ని పిలిచినట్టు పిలిచిన. నీకు ఇనపడి ఎనుకకు వస్తవనుకున్న. నువ్వు కారెక్కినవ్."

నాకు కన్నీళ్ళు ఆగలేదు. అత్తమ్మ ఉంది, వదిన ఉంది, ఎవరు ఎంత ఏడుస్తున్నారో చూసేవాళ్ళంతా ఉన్నారు, అయినా ఆగలేదు. బాపు కంగారు పడి, "ఏమైంది, నేనేమన్న," అని మా ఆయనను అడిగాడు.

లేచి వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద అన్నం అప్పుడే దించి ఉంది. మూత తీస్తే ఆవిరి మొహానికి కొట్టింది. వెనకే బాపు వచ్చాడు. అల్మారా పక్కన ఉన్న పీట జరుపుకొని గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఆయనకు వడ్డించబోతే చేయి అడ్డం పెట్టాడు.

"నువ్వు తిను ముందుగాల," అన్నాడు.

కంచంలో అన్నం పెట్టుకొని, పప్పు పోసుకొని ఆయన ఎదురుగా కింద కూర్చున్నాను. నేను తిన్నంతసేపు ఆయన చూస్తూ కూర్చున్నాడు.